టిక్కెట్లన్నియు నిజముగా అమ్ముడుపోయినవా?

సంగీతసభల ప్రకటనలలో ఈనడుమ నొక వాక్యము తఱచుగా గానవచ్చుచున్నది. టిక్కెట్లన్నియు కొద్ది నిమిషములలో అమ్ముడుపోయినవట! ఆ మాట చదివినంతనే మన చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల యువకులు, ఎంత ధరకైనను మఱియొకచోట కొనుటకు సిద్ధపడుచున్నారు. ఆ మాట నిజమా? నిజమైనచో ఎంతవఱకు నిజము? ఈ విషయమును విచారింపక తప్పని యవసరము మాకిటీవల గలిగినది.

చెన్నూరి రైతు కుమారుడొకడు కొన్ని నెలల క్రిందట మా సలహా గోరి వచ్చెను. నగరమున జరుగు సినిమా సంగీతసభకు టిక్కెట్లు కొనబోగా, అన్నియు అయిపోయినవని ఫోను తెరపై గనబడెనట. అంతట నొక దళారిని పట్టుకొని, అసలు ధరకు మూడింతలిచ్చి మూడు టిక్కెట్లు కొనెను. సభకు పోయి చూడగా అతని వెనుకనున్న రెండు వరుసలును ఖాళీ! ప్రక్కన గూర్చున్నవారు ఏదో కార్యాలయమున పంచిపెట్టిన ఉచితపు పాసులతో వచ్చినవారు. తన సొమ్ము తిరిగి రాబట్టుటకు వ్యాజ్యము వేయవచ్చునా యని అతడు మమ్మడిగెను. ఎవరిపై వేయవలెనని మేము తిరిగి ప్రశ్నించితిమి. అతనియొద్ద రశీదు లేదు. దళారి పేరైనను తెలియదు.

టిక్కెట్టు కొని వినోదము చూచుట మన జిల్లావారికి క్రొత్త గాదు. 1885లో కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక సమాజము మన కడప జిల్లాలోని సురభి గ్రామమున పుట్టినదే గదా. ఆ డేరాలలో కుర్చీ, బెంచీ, నేల యను తరగతులుండెను. ఎన్ని స్థలములు నిండినవో, ఎన్ని మిగిలినవో కన్నులున్నవాడెల్ల లెక్కపెట్టుకొనగలిగెను. మోసమప్పుడును లేకపోలేదు. సినిమాహాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు వ్రేలాడుచుండగా లోపల బెంచీలు ఖాళీగా నుండుటయు, గోడచాటున బ్లాకు టిక్కెట్ల బేరము సాగుచుండుటయు మనలో ననేకులు చూచినదే. కాని బోర్డు అబద్ధమో కాదో తేల్చుకొనుటకు లోనికి తొంగిచూచుట చాలియుండెను. నేడు తొంగిచూచుటకు తలుపు లేదు. ఫోనులోని పటమున బూడిదవర్ణముగా గనబడు కుర్చీ అమ్ముడుపోయినదో, ఎవరికొఱకో దాచబడినదో, ఇంకను అమ్మకమునకే రాలేదో కొనువానికి తెలియు మార్గము లేదు.

అసలు కిటుకు 'అన్నియు' అను పదముననే యున్నది. ఒక సభాస్థలమున పదివేల కుర్చీలున్నవనుకొందము. గాయకుని బృందమున కొన్ని, ఖర్చు భరించిన కంపెనీలకు కొన్ని, ఫలానా బ్యాంకు కార్డు గలవారికి ముందురోజుననే కొన్ని, అనుమతులిచ్చు కార్యాలయములకు పాసులుగా కొన్ని, వేదికయు దీపస్తంభములును ఎంత స్థలము నాక్రమించునో తేలువఱకు ప్రక్కనబెట్టినవి కొన్ని. ఇవియెల్ల పోగా మిగిలినదే ప్రజల ముందుకు వచ్చును. ఆ మిగిలినది తీరినచో 'అన్నియు' తీరినవని చాటింపు! అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు అటార్నీ జనరల్ 2016 జనవరిలో ప్రకటించిన నివేదిక ననుసరించి, పెద్ద సంగీతసభల టిక్కెట్లలో సగటున నూటికి 16 సభతో సంబంధము గలవారికి, 38 ముందస్తు అమ్మకములకు పోగా, సామాన్యునికి మిగిలినవి 46 మాత్రమే. మన దేశమున నిట్టి లెక్క తీయుమని ప్రభుత్వమును నిర్బంధించినవారు కానరారు.

గిరాకి యంతయు కల్పితమని మాత్రము మేమనము. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే యను ఆంగ్ల వాద్యబృందము బొంబాయిలో చేయనున్న సభలకు బుక్‌మైషో సంస్థ టిక్కెట్లమ్మినపుడు, కోటి ముప్పదిలక్షల మంది ప్రయత్నించిరని ఆ సంస్థయే చెప్పినది. మూడు సభలలోని స్థలమంతయు గలిపినను ఆ సంఖ్యలో నూటికి రెండు పాళ్లు గూడ నుండజాలదు. అంతటి గిరాకి యున్నచోట దాచిపెట్టనక్కఱలేకయే టిక్కెట్లు తీరిపోవును. అట్లయ్యును, తీరిపోయినవన్న పిమ్మట నవంబరులో కొన్ని, 2025 జనవరిలో మఱికొన్ని అమ్మకమునకు వచ్చినవి. ఈలోపల 2,500 మొదలు 35,000 రూపాయల వఱకు ధరగల టిక్కెట్లకు ఇతర వేదికలపై లక్షలడిగిరి. అట్టి వేదికలపై అమ్మకమునకు పెట్టినవానిచేతిలో టిక్కెట్టు ఉండవలెనను నియమమైనను లేదు. ముందు సొమ్ము పుచ్చుకొని, పిదప వెదకి తెచ్చువారు కలరు, తేలేక తప్పించుకొనువారును కలరు. బొంబాయి పోలీసులు విచారించిరి. ఎన్‌ఫోర్సుమెంటువారు అక్టోబరులో పలునగరములలో సోదాలు చేసిరి. ఒక న్యాయవాది హైకోర్టున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేయగా, ఇది శాసనకర్తలు చూచుకొనవలసిన విషయమని 2025 జనవరిలో న్యాయస్థానము దానిని త్రోసివేసినది. న్యాయస్థానము తప్పు చేసినదని మేమనజాలము. శాసనమే లేనిచోట తీర్పరి యేమి చేయును?

అమ్ముడుపోకున్నను పోయినవనుట యొక దోషమైనచో, స్థలమునకు మించి అమ్ముట అంతకంటె ఘోరము. 2023 సెప్టెంబరు 10న చెన్నపట్టణపు శివారున జరిగిన రహమానుగారి సభకు, టిక్కెట్టు చేతనున్నవారే లోనికి పోలేక స్త్రీలు, బిడ్డలు తొక్కిసలాటలో నలిగిరి. రహమానుగారు స్వయముగా ముందుకు వచ్చి, టిక్కెట్టు నకలు పంపుడని ప్రేక్షకులను గోరిరి. 2022 సెప్టెంబరు 22న హైదరాబాదు జింఖానా మైదానమున క్రికెట్టు టిక్కెట్లకొఱకు వచ్చిన జనము తొక్కిసలాటలో గాయపడెను. అదే నగరమున 2025లో ఉచితపు టిక్కెట్ల విషయమై జట్టు యాజమాన్యమునకును క్రికెట్టు సంఘమునకును రచ్చకెక్కిన వివాదమున, ఒప్పందము ననుసరించి 3,900 టిక్కెట్లు ఉచితముగా నిచ్చుచున్నామని జట్టువారు వ్రాసిరి. ఈ వివాదమే రాకున్నచో ఆ సంఖ్య కొనువారి చెవినిబడి యుండునా?

సభ నడపువారి వాదమును మేమెఱుగనివారము గాము. గాయకునకు పెద్దమొత్తము ముందుగా చెల్లింపవలెను. కంపెనీలు సొమ్మిచ్చిననే సభ జరుగును. ఇచ్చినవారికి కుర్చీలియ్యకున్న నెట్లు? ఈయవచ్చును. ఎన్ని యిచ్చిరో చెప్పుమనుటయే మా కోరిక. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను నిషేధించినది. దాని ననుసరించి 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకములు, ఉన్నదానికంటె తక్కువ మిగిలినదని చెప్పి తొందరపెట్టుటను, లేని ఆదరణను ఉన్నట్లు చూపుటను స్పష్టముగా దోషములలో జేర్చినవి. తుదిక్షణమున తెలియకుండ రుసుములు గలిపి ధర పెంచుటయు నందే చేరినది. కాగా ఆయుధము పూర్తిగా లేకపోలేదు, పట్టువారు తక్కువ. సరియైన లెక్క సభ నడపువారియొద్ద నుండనే యుండును. 500 రూపాయలు దాటిన టిక్కెట్టుపై జి.యస్.టి. చెల్లింపవలెను గదా! పన్నుల కార్యాలయమునకు చూపు సంఖ్యను ప్రజలకు చూపుటకు కలుగు నష్టమేమి?

సభకు అనుమతి యిచ్చునపుడే పోలీసు, రెవెన్యూ అధికారులు స్థలపు పరిమితి యెంత, అమ్మకమునకు పెట్టినవెన్ని, పాసులెన్ని యను మూడంకెలను వ్రాయించుకొని ద్వారమువద్ద అంటింపవలెనని మా సూచన. దీనికి క్రొత్త చట్టమక్కఱలేదు. అనుమతి షరతులలో నొక పంక్తి చాలును. ప్రొద్దుటూరి దసరా నాటికి మన జిల్లాలోను సంగీతసభలు జరుగును గనుక, జిల్లా కలెక్టరుగారు ఆ పంక్తిని ఇక్కడనే మొదట వ్రాయించినచో మేము సంతసింతుము.

మా యొద్దకు వచ్చిన యువకునికి రశీదు లేకపోవుటచే అర్జీ సిద్ధము చేయలేకపోతిమి. మన తాలూకాలలో నిట్లే నష్టపోయినవారు టిక్కెట్టును, సొమ్ము చెల్లించిన యాధారమును, టిక్కెట్లు తీరిపోయినవని చూపిన తెర నకలును భద్రపఱచి మా కార్యాలయమునకు పంపవలెను. పదిమంది కాగితములు చేరినచో జిల్లా వినియోగదారుల కమిషను ముందు అర్జీ మేమే దాఖలు చేయుదుము, రుసుము పుచ్చుకొనము.