లిథియము ఎవరికి పనిచేయును?

మధుమేహమును రక్తములోని చక్కెరను బట్టియు, క్షయను కఫములోని సూక్ష్మక్రిమిని బట్టియు నిర్ణయింపగల వైద్యుడు, ఉన్మాదమును విషాదమును ఒకదాని వెనుక నొకటి ఆవహించు బైపోలార్ వ్యాధి విషయమున మాత్రము నేటికిని రోగి పలికిన మాటలను, ఇంటివారు గమనించిన నడవడిని ఆధారము చేసికొనియే నిర్ణయమునకు రావలసియున్నది.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదగ్రస్తులైన పదిమందికి లిథియము లవణము నిచ్చి, వారి ఉద్రేకము శమించుటను లోకమునకు వెల్లడించెను. ఆ లవణము నేటికిని ముఖ్యౌషధమే. కాని అందరికిని పనిచేయదు. ఎవరికి పనిచేయునో ముందుగా చెప్పగల పరీక్ష చికిత్సాలయములలో లేదు గనుక, నెలల తరబడి వాడి చూడవలసినదే. ఆ నిరీక్షణమున ఒక కుటుంబము పడు వేదన మాకు స్వల్పముగా తోచుట లేదు.

2015లో 'నేచర్' పత్రికయందు ప్రకటితమైన పరిశోధన యీ చీకటిలో ఒక దారి చూపినది. రోగుల చర్మకణముల నుండి ప్రయోగశాలలో నాడీకణములను పెంచి చూడగా, అవి అతిగా ఉత్తేజితములగుచుండెను. లిథియము ఆ ఉత్తేజమును, దానివలన మేలు పొందిన రోగుల కణములయందు మాత్రమే తగ్గించెను. పరీక్షింపబడినవారు కొద్దిమందియే యైనను, ఇట్టి కృషికి ధనము వెచ్చించుట న్యాయము.

అంతవరకు చేయదగిన పని మన చేతిలోనే కలదు. మోతాదు మించిన లిథియము విషప్రాయము. రక్తమున దాని పరిమాణమును తరచుగా కొలువవలెను. 2015-16లో నిమ్హాన్స్ మానసికారోగ్య సంస్థ జరిపిన సర్వే ననుసరించి బైపోలార్ రోగులలో నూటికి 70 మందికి చికిత్సయే అందకుండెను. చికిత్స అట్టివారికి చేరువగుటకై, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను లిథియమును కొలుచు ఈ రక్తపరీక్షను ఉచితముగా ఏర్పాటు చేయవలసినదిగా ప్రభుత్వములను కోరుచున్నాము.