విమానం రిపేరు మనకెందుకు రాదు?

కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోయే మన పిల్లల్ని అడగండి. దేవనహళ్లి విమానాశ్రయం దగ్గర కాంక్రీటు మోసినోళ్లు దొరుకుతారు. లోపల హ్యాంగర్‌లో విమానం రిపేరు చేసేవాళ్లు? నాకైతే ఒక్కరూ తెలీదు.

మదనపల్లె, పుంగనూరు తండాల్లో, యానాది కాలనీల్లో పది పాసైన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ తలుపు ఇంటర్‌లోనే మూసుకుపోతోంది. మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్సు కోర్సుకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి. "మీకు లెక్కలు రావులే" అని సీఈసీలో కూర్చోబెడితే ఒప్పుకోకండి.

లైసెన్సులో బీ1 అంటే ఇంజను, బాడీ. బీ2 అంటే ఏవియానిక్స్: రేడియో, నావిగేషన్, కరెంటు వ్యవస్థలు. కోర్సు సర్టిఫికెట్ లైసెన్సు కాదు. డీజీసీఏ పరీక్షలు ఒక్కో మాడ్యూల్ పాసవ్వాలి, విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. కాబట్టి "ఆరు నెలల్లో ఎయిర్‌పోర్టు ఉద్యోగం" అంటూ తండాకొచ్చే ఏజెంటుకి రూపాయి కూడా ఇయ్యొద్దు. ఏ సంస్థకి అనుమతి ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చూసుకోండి.

ఫీజు లక్షల్లో. జాతీయ ఎస్టీ ఆర్థిక అభివృద్ధి సంస్థ 6 శాతం వడ్డీకి 10 లక్షల దాకా చదువు అప్పు ఇచ్చే పథకం పెట్టింది. మన మండలాల్లో ఆ మాట ఎవరైనా చెప్పారా? అంత అప్పంటే భయమైతే ఐటీఐలో ఫిట్టరో, ఎలక్ట్రానిక్స్ మెకానిక్కో చేసి బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో అప్రెంటిస్‌కి అప్లై చెయ్యండి. ఉద్యోగం గ్యారంటీ కాదు, చేతికి పనైతే వస్తుంది.

ఈసారి కలెక్టరాఫీసుకి పోయినప్పుడు పట్టాలతో పాటు ఇదీ అడుగుదాం: గిరిజన గురుకులాల్లో ఎంపీసీ సీట్లు పెంచండి, ఈ కోర్సు ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టాలి.