చౌక ప్రాంతము, చౌక మనిషి

హిందీలో 'చౌక్' అనగా నాలుగు దారులు కలియు కూడలి. తెలుగులో 'చౌక' యనగా తక్కువ వెల. ఈ రెండు మాటలకు చుట్టరికము కలదో లేదో నిఘంటుకారులు తేల్చుకొందురుగాక. ఉత్తరదేశపు నగరములలో తెల్లవారుజామున 'లేబర్ చౌక్' అను చోట నిలిచి చూచినవారికి మాత్రము ఆ రెండర్థములును ఒక్కచోటనే కానవచ్చును. తాపీలు, సుత్తులు, రంగు కుంచెలు పట్టుకొని పురుషులును, తట్టలు చంకనిడుకొని స్త్రీలును అచట నిలుచుందురు. గుత్తేదారు వచ్చి వెల చెప్పును. ఒకడు కాదన్నచో ప్రక్కవాడు ఔనను. హైదరాబాదులో అట్టి చోటునే 'అడ్డా' యందురు. పేరు వేరు, బేరమొక్కటే.

నేను హిందీ ఎం.ఏ. చదువుచుండిన కాలమున ప్రతిదినము అట్టి యొక చౌక్ మీదుగా నడిచి పోవుచుంటిని. ఒకనాడు బీహారునుండి వచ్చిన కూలివాడొకడు తనకు చెప్పిన వెల చాలదనగా, గుత్తేదారు, "మీ ఊళ్లో నీకు ఈపాటి ఎవరిస్తార్రా?" అని గద్దించెను. ఆ కూలివాడు మెల్లగా, "నేను రొట్టె తినేది ఈ ఊళ్లో గదా, బాబూ!" అనెను. గుత్తేదారు నవ్వి మరియొకని పిలుచుకొని పోయెను. ముప్పది యేండ్లు గడచినవి. ఆ తరువాత నేను చదివిన వ్యాసములలోను, విన్న ఉపన్యాసములలోను ఆ గుత్తేదారు మాటయే పలు వేషములతో నాకెదురైనది. కూలివాని మాటకు మాత్రము సరియైన సమాధానము వినబడలేదు.

గుత్తేదారు మాటను విద్యావంతులు చెప్పు తీరు ఇట్లుండును: "మన దేశము విశాలమైనది. బొంబాయిలో బ్రతుకు వేరు, గయలో బ్రతుకు వేరు. ఒకచోట గంటకు నూరు రూపాయలు చాలవు. వేరొకచోట ముప్పదియే మిగులును. కావున ప్రాంతమునుబట్టి కూలి యుండవలెను. దేశమంతటికి ఒకే హద్దు గీచినచో వెనుకబడిన ప్రాంతములకు పరిశ్రమలు రావు." వినుటకు ఈ వాదము న్యాయముగనే తోచును. దీనిలో కొంత సత్యమును కలదు. బొంబాయి గది అద్దె గయలో లేదు. కాని కొంత సత్యమును ముందుంచుకొని దాని వెనుక పెద్ద అసత్యము నడచివచ్చుట లోకములో క్రొత్త కాదు.

మొదట గంట సంగతి చూతము. మన కూలివానికి గంట లేదు, దినమే కలదు. హిందీలో కూలిని 'దిహాడీ' యందురు. అది దినమునుబట్టి వచ్చిన మాట. 2020లో ప్రకటించిన వేతన నియమముల ముసాయిదాలో గంట వెల కట్టు పద్ధతి ఇట్లున్నది: దినపు కూలిని ఎనిమిదిచే భాగించిన గంటకు, ఇరువదియారుచే గుణించిన నెలకు. లెక్క చక్కగనే యున్నది. కాని అడ్డా మీద పిలుపుకొరకు నిలిచిన రెండు గంటలును, బస్సులో గడచిన గంటయు ఆ ఎనిమిదిలో చేరవు. ఎవరును పిలువక ఇంటికి మరలిన దినము ఆ ఇరువదియారులో చేరదు. ఆకలిని మాత్రము ఎనిమిదిచే భాగింప వీలులేదు. అది ఇరువదినాలుగు గంటలును ఉండును, నెలకు ముప్పది దినములును ఉండును. కావున ఈ వ్యాసములో నేను చెప్పు ప్రతి గంట కూలియు ఉన్నదానికంటె కొంత మెరుగుగనే కనబడునని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇక ప్రాంతముల సంగతి. రిజర్వు బ్యాంకు ప్రకటించు రాష్ట్రముల గణాంకములనుబట్టి 2022-23లో వ్యవసాయకూలికి దినమునకు సగటున కేరళలో 764 రూపాయలు, గుజరాతులో 242, మధ్యప్రదేశ్‌లో 229 లభించెను. ఎనిమిది గంటల లెక్కను కేరళలో గంటకు 95 రూపాయలు, గుజరాతులో 30, మధ్యప్రదేశ్‌లో 29కంటె తక్కువ. మూడు రెట్లకు మించిన భేదము! ప్రాంతమునుబట్టి బ్రతుకు ఖర్చు మారుటచేతనే కూలి మారుచున్నదనువారు ఇపుడు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. కేరళలో బ్రతుకు మధ్యప్రదేశ్‌కంటె మూడు రెట్లు ప్రియమా?

ఈ ప్రశ్నకు సమాధానము ప్రభుత్వము నియమించిన నిపుణులే యిచ్చిరి. అనూప్ సత్పథీ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 2019లో నివేదిక సమర్పించెను. ఒక్కొక్క పెద్దవానికి దినమునకు 2400 కేలరీల ఆహారము, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల క్రొవ్వు, వానితోపాటు బట్ట, విద్య, వైద్యము మున్నగు ఖర్చులు లెక్కించి, 2018 జూలై ధరలలో దేశమంతటికి దినమునకు 375 రూపాయలు కనీసము ఉండవలెనని వారు తేల్చిరి. అట్లు కాక ప్రాంతములవారీగా కావలెనన్నచో ఐదు మండలములకు ఐదు రేట్లు సూచించిరి. బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా మున్నగు వానికి 342, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములున్న మండలమునకు 380, ఈశాన్యమునకు 386, కేరళ, గుజరాతు, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడులకు 414, ఢిల్లీ, పంజాబు, హర్యానా మున్నగు వానికి 447. నగరపు ఇంటి అద్దెకు వేరుగా కొంత చేర్పవలెననిరి.

ఈ అంకెలను ఒకసారి నెమ్మదిగా చూడుడు. అన్నిటికంటె ప్రియమైన మండలమునకును అన్నిటికంటె చౌకయైన మండలమునకును గల భేదము మూడవ వంతైనను కాదు. కూలిలో భేదమో, మూడు రెట్లకు పైబడినది. ఇంతకంటె వింత వేరొకటి కలదు. కేరళయు గుజరాతును ఒకే మండలములోనివి. అనగా రెండుచోట్లను బ్రతుకు ఖర్చు దాదాపు సమానమని నిపుణుల మాట. గుజరాతు బీదరాష్ట్రము కాదు. దాని రేవులకును కార్ఖానాలకును దేశమంతటను పేరున్నది. అచ్చటి పొలములో పని చేయువాని గంట కేరళవాని గంటలో మూడవ వంతునకు మించదు! కావున కూలిని నిర్ణయించుచున్నది బ్రతుకు ఖర్చు కాదు. అడుగగల శక్తియే. కేరళలో భూసంస్కరణలు జరిగినవి, 1974లో వ్యవసాయ కార్మికుల చట్టము వచ్చినది, సంఘములు బలపడినవి, గల్ఫు దేశములకు పోవు దారి తెరచుకొన్నది. అచ్చటి కూలివాడు కాదనగలడు. కాదనగలవాని గంటకు వెల యుండును; కాదనలేనివాని గంటకు 'ప్రాంతీయ పరిస్థితి' యుండును.

'చౌక ప్రాంతము' అను మాటనే కొంచెము పరీక్షింతము. సబ్బుబిళ్ల, టీపొడి పొట్లము, జ్వరపు మాత్ర - వీనిమీద అచ్చువేసిన వెల పాలక్కాడులో ఎంతయో ఝాబువాలోను అంతయే. కూలి తగ్గిన చోటికి పోవునప్పుడు మాత్రలచీటి తన వెల తగ్గించుకొనదు. మరి చౌకగా దొరకుచున్నదేమి? కూరగాయలు, పాలు, మట్టిగోడల యిల్లు, ఇంటిపని చేయు మనిషి. ఇవి యన్నియు ఎవరి శ్రమచే చౌకయైనవి? మరియొక కూలివాని శ్రమచేతనే. కూలి తక్కువ గనుక బ్రతుకు చౌక. బ్రతుకు చౌక గనుక కూలి తక్కువ. గానుగయెద్దు తిరిగినట్లు ఈ తర్కము తిరుగుచునే యుండును. నూనె మాత్రము ఒకరి కుండలోనే పడును.

ప్రేమ్‌చంద్ 'పూస్ కీ రాత్' కథ చదివినవారికి హల్కూ గుర్తుండును. కూలి డబ్బులో మిగిల్చి కంబళికని దాచుకొన్న మూడు రూపాయలను అప్పులవానికిచ్చివేసి, పుష్యమాసపు చలిలో పొలమునకు కావలి పోయినవాడతడు. ఆ సంవత్సరము హల్కూ కంబళిపై పెట్టిన ఖర్చు సున్న. గణాంకముల గుమాస్తా ఆ యూరికి వచ్చి వ్రాసికొనినచో, ఆ ప్రాంతమున చలిబట్టకు ఖర్చు లేదనియే తేలును! 1957లో ఢిల్లీలో జరిగిన పదునైదవ భారత శ్రామిక సమావేశము ప్రతి మనిషికి సంవత్సరమునకు 18 గజముల బట్ట లెక్కించెను. తీరమున నుండు మనకును, హిమాలయపు చలిగాలిలో వణకువారికిని అవే 18 గజములు. 2019 సంఘము ఎంత శ్రద్ధతో పని చేసినను, ఆహారము కాని ఖర్చులను కుటుంబములు వాస్తవముగా వెచ్చించుచున్న దానినుండియే లెక్కింపవలసి వచ్చెను. కొనలేక మానుకొన్నది అట్టి లెక్కకు అందదు. పేదవాని పస్తును పొదుపుగా వ్రాసికొని, ఆ పొదుపునుబట్టి రేపటి కూలిని తగ్గించుట శాస్త్రము కాదు.

కూలి నిజముగా ఖర్చును అనుసరించునదే యైనచో కొండప్రాంతములలో హెచ్చుగా ఉండవలెను. అచటికి ఉప్పును బియ్యమును లారీలపై ఘాట్లెక్కి పోవలెను గదా! గ్రామీణ ఉపాధి హామీ పథకమున 2024-25 సంవత్సరమునకు హర్యానాలో దినకూలి 374 రూపాయలు. అరుణాచలప్రదేశ్‌లోను నాగాలాండులోను 234. అదియే దేశములోకెల్ల తక్కువ. గంటకు 29 రూపాయల పావలా. ఆ సంవత్సరమే సిక్కిములో ఎత్తైన కొండలపైనున్న మూడు పంచాయతీలకు 374గాను, తక్కిన సిక్కిమునకు 249గాను నిర్ణయించిరి. అనగా ఎత్తు పెరిగినకొలది ఖర్చు పెరుగునని ప్రభుత్వమునకు తెలియును. తెలిసిన న్యాయము మూడు పంచాయతీలకడ ఎందుకాగిపోయెను? వెనుకటి రేట్లను ధరల సూచికతో ఏటేట పెంచుచు వచ్చిరి గనుక, పాత అన్యాయము కూడ సూచికతోపాటు క్రమము తప్పక పెరుగుచు వచ్చినది.

ఇక కూలివాడు ఒకేచోట బ్రతుకుచున్నాడా? మన పాలమూరు కూలీలు దేశములోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిరి. ఒడిశాలోని బలాంగీరు ప్రాంతమునుండి కుటుంబములు అడ్వాన్సు తీసికొని తెలంగాణమందలి ఇటుకబట్టీలకు వచ్చుచున్నవి. అచట లెక్క గంటకును కాదు, దినమునకును కాదు. వేయి యిటుకలకు ఇంత. భర్త మట్టి తొక్కును, భార్య అచ్చు పోయును, పిల్లలు ఇటుకలు తిరుగవేయుదురు, పద్దులో పేరొక్కటే. ముసలి తల్లిదండ్రులు ఊరనే యుందురు. ఇట్టి కుటుంబమునకు రెండు పొయ్యిలు. ఒకటి వచ్చిన చోట, ఒకటి విడిచిన చోట. 1957 నాటి లెక్కలో భర్త, భార్య, ఇద్దరు బిడ్డలు కలిసి మూడు వంతులే. తల్లిదండ్రులకు చోటు లేదు. వలసపోయినవాని ఖర్చు రెండు ప్రాంతములది. వానికి కట్టిన వెల మాత్రము ఆ రెంటిలో చౌకదానిది. ఆనాటి కూలివాడు చెప్పిన సత్యమిదియే.

కూలి పెంచినచో పరిశ్రమలు పారిపోవునను వారికి నా సమాధానము చిన్నది. చౌక కూలియే పరిశ్రమలను రప్పించునదైనచో బీహారు ఈపాటికి దేశమునకెల్ల కార్ఖానాయై యుండవలసినది. అట్లు జరుగలేదు. దారులు, విద్యుత్తు, చదువు, రేవు ఉన్న చోటికే పరిశ్రమ పోయినది. బీహారు కూలివాడును దాని వెంటనే పోయినాడు.

మరియొక ఆక్షేపణ బరువైనది. దానిని తేలికగా త్రోసివేయరాదు. రెండెకరముల రైతు తానే గిట్టుబాటు లేక కుములుచుండగా కూలికి ఎక్కువ ఎట్లిచ్చును? నిజమే. అతని కష్టము నిజమైనది. కాని అది పంటకు ధర చాలకపోవుటవలన వచ్చిన కష్టము. ఆ లోటును పంట కొన్నవారును, ప్రభుత్వమును తీర్పవలెను. రైతుకంటె ఆకలిగొన్నవాని కంచమునుండి దానిని తీర్చుట ధర్మము కాదు. ఇద్దరు బీదలను ఎదురెదురుగా నిలిపి న్యాయము అడుగువారు సాధారణముగా మూడవ చోట సుఖముగా కూర్చుండిన వారై యుందురు.

ఈ వాదమంతయు ఇప్పుడేల యనవచ్చును. వేతనముల స్మృతి 2019లో చట్టమై, 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది. ఏ రాష్ట్రమును దిగజారరాని కనీసపు హద్దును కేంద్రము నిర్ణయింపవలెనని దానిలో గలదు. ఇది మంచి మాట. కాని ఆ హద్దును వేరువేరు ప్రాంతములకు వేరువేరుగా నిర్ణయింపవచ్చుననియు అందే కలదు. ఆ చిన్న వాక్యములోనుండి గుత్తేదారు మరల తొంగి చూచుచున్నాడు. నిపుణులు 375 చెప్పిన ఆ 2019లోనే ప్రభుత్వము ప్రకటించిన హద్దు 178 రూపాయలు. 2017లో అది 176. రెండేండ్లకు రెండు రూపాయలు! అట్టి చేతికి ప్రాంతభేదమను కత్తెర కూడ ఇచ్చినచో ఏమి మిగులునో ఊహించుట కష్టము కాదు.

నేను కోరునది యిది. ఆహారము, బట్ట, మందు, చదువు - వీనికి దేశమంతటికి హద్దు ఒక్కటియే కావలెను. అద్దె, చలి, కొండదారి - ఇవి యున్నచోట ఆ హద్దుపైన చేర్పవలెను. ప్రాంతభేదము పైకి పోవుటకే గాని క్రిందికి దిగుటకు కారాదు. కనీసవేతనముకంటె తక్కువకు పని చేయించుట వెట్టిచాకిరియే యని, రాజస్థానమున కరవు పనులు చేసినవారి విషయమున 1983లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఆ కనీసమునే పాతాళమునకు దించినచో వెట్టి చట్టబద్ధమగును, అంతియేగాని పోదు.

అనువాదకుని వృత్తిలో ఒక చిక్కు తరచుగా వచ్చును. మన రాజ్యాంగపు 43వ అధికరణము హిందీ ప్రతిలో 'నిర్వాహ్ మజ్‌దూరీ' అను మాట కలదు. హిందీలో నిర్వాహమనగా బ్రతుకు గడచుట. తెలుగువానికి ఆ మాట వినగనే నిర్వహణము, అనగా కార్యాలయపు పెత్తనము, స్ఫురించును. ఏమరినచో అనువాదకుడు అచ్చటనే జారిపడును. ఇన్నేండ్లుగా మన ప్రభుత్వములును అచ్చటనే జారినవని నా అభియోగము. కూలివానికి బ్రతుకు గడచునా యని అడుగవలసిన చోట, వాని కూలిని ఏ మండలములో ఎట్లు నిర్వహింపవలెనా యని అడిగిరి. మాట ఒక్కటే, ప్రశ్న తప్పినది. రొట్టె ఏ యూర తినుచున్నాడో ఆ యూరి వెలకు, విడిచివచ్చిన యూర పొయ్యి వెలిగించుటకును, వాని గంట చాలవలెను. చాలనిచో తప్పు వాని ప్రాంతముది కాదు, మన లెక్కది.