డూప్లికేట్ అని డిలీట్ కొట్టేముందు...

మొన్న సంక్రాంతికి పాలకుర్తి వెళ్లినప్పుడు, బాపు ఆటోలో ఉండే పెన్‌డ్రైవ్‌ను "సెట్ చేసిస్తా" అని తీసుకున్నా. 8 జీబీ. మూడు ఫోల్డర్లు, నిండా ఎంపీ3లు. సగం ఫైళ్లకు పాట పేరు కంటే ముందు ఏదో డౌన్‌లోడ్ సైట్ పేరు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కొడుకు ఊరుకుంటాడా? అన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశా, డూప్లికేట్లు వెతికే టూల్ నడిపా, ట్యాగ్‌లు సరిచేశా, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించా. గంటలో పని అయిపోయింది. ఒకటిన్నర జీబీ ఖాళీ చేశానని గొప్పగా చెప్పా కూడా.

తెల్లారి స్టేషన్ ఘన్‌పూర్ ట్రిప్ కొట్టి వచ్చిన బాపు, "నా పాటలు ఏం చేసినవ్ రా?" అన్నాడు.

"అన్నీ ఉన్నయ్ బాపూ. రెండుసార్లు ఉన్నయే తీసేసిన."

"రెండుసార్లు కాదు, మూడుసార్లు. నేనే పెట్టించిన."

విషయం ఏంటంటే, మొదటి ఫోల్డర్ దేవుని పాటలు, రెండోది పాత సినిమా పాటలు, మూడోది జానపదాలు, ఒగ్గు కథలు. అమ్మకు బాగా ఇష్టమైన పాట ఒకటుంది. దాన్ని మూడు ఫోల్డర్లలోనూ మొట్టమొదట పెట్టించుకున్నాడు. అమ్మ ఆటో ఎక్కినప్పుడు ఏది నడుస్తున్నా సరే, ఫోల్డర్ బటన్ ఒక్కసారి నొక్కితే ఆ పాటే వస్తుంది. టూల్‌కు అవి ఒకే హ్యాష్ ఉన్న మూడు ఫైళ్లు. రెండు దండగ. దాని లెక్క తప్పు కాదు, నడిపినోడిదే తప్పు.

సరే, రీసైకిల్ బిన్‌లోంచి ఫైళ్లు వెనక్కి తెచ్చా. వరుస మాత్రం ఏ బిన్‌లోనూ లేదు. ఇది చాలామందికి తెలియదు: ఆటోల్లో, చిన్న బ్లూటూత్ స్పీకర్లలో ఉండే చవక ప్లేయర్లు చాలావరకు పాటల్ని అక్షర క్రమంలో ప్లే చేయవు. పెన్‌డ్రైవ్‌లోని ఫ్యాట్ డైరెక్టరీలో ఏ ఫైల్ ముందు ఎక్కితే దాన్ని ముందు ప్లే చేస్తాయి. అంటే మొబైల్ షాపులో కూర్చుని "ఇది, దీని తర్వాత అది" అని బాపు ఒక్కొక్కటి ఎక్కించుకున్న వరుసే ఆయన ప్లేలిస్ట్. ఎక్కడా రాసిపెట్టి లేదు. ట్యాగ్‌లు మార్చేసరికి ఫైళ్ల తేదీలూ మారిపోయి, ఆ ఆధారం కూడా పోయింది.

మన రివ్యూల మీద నా కంప్లెయింట్ ఇక్కడే. 256 జీబీయా, 512 జీబీయా, రీడ్ స్పీడ్ ఎంత, అన్నిటికీ మార్కులు వేస్తాం. కానీ నేను పేర్చుకున్నది పేర్చుకున్నట్టే ఇంకో ఫోన్‌కి వస్తుందా అని ఎవరూ అడగరు. యూఎస్‌బీ కేబుల్‌తో ఫోటోలు లాగితే చాలాసార్లు ఫైల్ తేదీలు మారిపోతాయి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అపరిమిత స్టోరేజ్ ఆగిపోయి అంతా 15 జీబీ లెక్కలోకి వచ్చింది. బయటికి తీసుకెళ్దామంటే టేక్‌అవుట్ ఉంది, మంచిదే. కానీ తేదీ, వివరణ లాంటి సమాచారాన్ని పక్కన జేసన్ ఫైళ్లలో ఇస్తుంది. వాటిని మళ్లీ ఫోటోకు అతికించుకునే పని మనదే. ఎం3యూ ప్లేలిస్ట్ అయితే వట్టి టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పాతదైనా నాకు దాని మీదే నమ్మకం.

ఫోన్ తనంతట తాను చేసి ఇచ్చే 'మెమరీస్' మీద నాకు కోపం లేదు. పట్టాదారు పాస్‌బుక్ ఫోటో వెతకాలంటే ఏఐ సెర్చ్‌ను మించింది లేదు. కాకపోతే అది వెతకడం. కలెక్షన్ వేరే. ఒకే పాటను మూడుచోట్ల పెట్టాలని ఏ ఆల్గారిథమ్‌కైనా ఎందుకు తోస్తుంది?

మా ఊరివాడని మేం గర్వంగా చెప్పుకునే పాల్కురికి సోమన ఏడెనిమిది వందల ఏళ్ల కిందే ఈ పని చేశాడు. శివభక్తుల కథలు పోగేసి బసవ పురాణంగా కూర్చాడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాడుకునే పాటల రకాల పేర్లు చెప్పాడు. దేవభాషలో కాదు, ద్విపదలో. ఏది ఉండాలి, ఏది పక్కన పెట్టాలి అనేది ఆయన ఇష్టం. అందుకే చదువుతుంటే ఆ మనిషి కనిపిస్తాడు. (టెన్త్‌లో ఇవన్నీ మార్కుల కోసం చదివినోణ్ని, ఇప్పుడు పెన్‌డ్రైవ్ పుణ్యమా అని గుర్తొస్తున్నాయి.)

రెండు సాయంత్రాలు బాపు పక్కన కూర్చున్నా. ఆయన చెప్తుంటే ఫైళ్ల పేర్ల ముందు 001, 002 అని నంబర్లు వేశా. తర్వాత లైనక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ అనే చిన్న టూల్‌తో డైరెక్టరీని ఆ నంబర్ల ప్రకారం సర్దా. మీ ఇంట్లోనూ ఇలాంటి పెన్‌డ్రైవ్ ఉంటే ముట్టుకునే ముందు ఒకసారి మొత్తం వినండి, వరుస రాసుకోండి. మొదటి రెండు ఫోల్డర్లు బాపు గడగడా చెప్పేశాడు. మూడోదానిలో ఇరవై ఒకటి దాటాక ఆగిపోయాడు. "ఇంకోటుండె రా, నోట్లనే ఉంది" అన్నాడు.

హైదరాబాద్ వచ్చిన పది రోజులకు, ఆఫీస్ కాల్‌లో ఉండగా ఫోన్ మోగింది. వెనకాల ఆటో ఇంజన్ చప్పుడు.

"ఇరవై రెండోది యాదికొచ్చింది. రాసుకో."