ఆ వైరు పీకెయ్యమని అడక్కండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. పికప్ డ్రైవర్లు వచ్చి ఎక్కువగా అడిగేది బాగుచెయ్యమని కాదు, పీకెయ్యమని. 'అన్నా, తలుపు వేసే ఉంది, మీటర్‌లో డోర్ లైటు ఆరట్లేదు. దాని వైరు పీకెయ్, లోడుంది, పోవాలి.' పీకడం నిమిషం పని. నేను పీకను.

తలుపు లాక్ రెండు క్లిక్కులతో పడుతుంది. మొదటి క్లిక్కు దగ్గరే ఆగినా చూడ్డానికి తలుపు పడ్డట్టే ఉంటుంది. రాత్రిపూట మార్కెట్‌కి కూరగాయలు తోలే బండిలో క్లీనరు కుర్రాడు కునుకు తీసేది ఆ తలుపుకి ఆనుకునే. సగం పడ్డ తలుపుని పట్టిచ్చేది ఆ లైటే.

పాత బండ్లలో ఈ పని సుఖం. డోర్ ఫ్రేములో రబ్బరు టోపీతో ఓ బటన్ ఉంటుంది. తలుపు తీస్తే బటన్ బయటికొచ్చి వైరుకి బాడీ ఎర్త్ ఇస్తుంది, రూఫ్ లైటు వెలుగుతుంది. బటన్ బయటే బిగుసుకున్నా, బందులు అరిగి తలుపు జారి బటన్ నొక్కుకోకపోయినా లైటు ఆరదు. 10 వాట్ల బల్బు ముప్పాతిక ఆంపియర్ పైనే లాగుతుంది. సంక్రాంతికని మూడు రోజులు బండి ఆపితే 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ దాదాపు ఖాళీ. బటన్ విప్పి శుభ్రం చేసి, తుప్పు గీకి బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి.

కొత్త బండ్లలో చాలావాటికి స్విచ్చి లాక్ లోపలే ఉంటుంది. అందుకే నేను ముందు కప్లర్ ఊడదీసి, స్విచ్చి పిన్నుల మీద మల్టీమీటరు పెడతాను. స్క్రూడ్రైవర్‌తో లాక్ నాలుకని తిప్పి మూస్తాను, హ్యాండిల్ లాగి వదిలిస్తాను. మీటరు ఒకసారి కూసి ఒకసారి ఊరుకుంటే స్విచ్చి బాగున్నట్టే. ఇక చూడాల్సింది తలుపుకీ ఫ్రేముకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా అందులోని వైర్లు ఒకేచోట మడతపడతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పోగులు తెగుతాయి. గొట్టం వెనక్కి తోసి వైర్లని ఒక్కోటీ వేళ్లతో వంచి చూడాలి. మంచి వైరు బిగువుగా ఎదురు తిరుగుతుంది, తెగిన వైరు తెగినచోట దారంలా వాలిపోతుంది. గుంతల్లో వెలిగి, తారురోడ్డు మీద ఆరే లైటుకి కారణం చాలాసార్లు ఇదే. కాస్త వైరు అతికి, సోల్డర్ చేసి, స్లీవు తొడిగితే పనైపోతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మాత్రం ఆ మడతల్లో ఎక్కువకాలం నిలవదు.

మరి డ్రైవర్లు పీకెయ్యమని ఎందుకంటారు? సర్వీస్ సెంటర్లో ఓసారి బిల్లు చూసొచ్చారు కాబట్టి. కంప్యూటర్ పెడితే ఎడమ తలుపు సర్క్యూట్లో లోపమని వస్తుంది. సర్క్యూట్ అంటే స్విచ్చి, వైరు, కప్లర్, ఎర్త్ అన్నీ. కొలవకుండానే మొత్తం లాక్ అసెంబ్లీ మార్చేస్తారు. స్విచ్చి విడిగా అడిగితే రాదంటారు. గోరంత స్విచ్చికి లాక్ మొత్తం కొనిపించడం నా దృష్టిలో దోపిడీ. తీరా తెగింది వైరైతే, కొత్త లాక్ వేసినా లైటు అలాగే వెలుగుతుంటుంది. అప్పుడు మా దగ్గరికొస్తారు, విసిగిపోయి.

విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. నాకు కావాల్సింది అంత పెద్దదేం కాదు. తలుపు వైరింగ్ డయాగ్రం, స్విచ్చి మాత్రమే విడిగా. కొన్ని బండ్లలో తలుపు తీస్తే సర్క్యూట్ కలుస్తుంది, కొన్నింట్లో విడిపోతుంది. ఆ కాగితం లేకపోతే మెకానిక్ చేసేది ఊహే.

డ్రైవరన్నలూ, అసెంబ్లీ మార్చాలని ఎవరన్నా అంటే, ముందు మీటరు పెట్టి చూపించమనండి. దబాయిస్తే గొట్టం దగ్గర వైర్లు మీరే వంచి చూడండి.