గోలీ ఆపే ముందు ఒక రక్తపరీక్ష

పసుపు తవ్వకాలు మొదలైతే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. అలాంటి రోజుల్లోనే ఒక రైతు మా ఓపీకి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు. నాలుగు నెలల కింద గుండెకు స్టెంట్ వేశారు. బస్తాలు మోస్తుంటే చేతుల మీద కమిలినట్టు మచ్చలు వచ్చాయట. రక్తం పలచబడే గోలీలతో ప్లేట్‌లెట్లు పడిపోతాయని ఎవరో చెప్పారు. ‘పది రోజులైతుంది సార్, బంద్ చేసిన’ అన్నాడు.

ఆయన వచ్చింది మచ్చల కోసం కాదు, ఛాతీ నొప్పితో. ఈసీజీలో మళ్లీ గుండెపోటు కనిపించింది. ప్లేట్‌లెట్లు మాత్రం రెండు లక్షలకు పైనే ఉన్నాయి. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం, బతికాడు. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఇక బస్తా ఎత్తే పని ఆయనకు లేదు.

ఆయన భయంలో అబద్ధం ఎంత, నిజం ఎంత? రెండూ తెలుసుకోవాలి.

‘రక్తం పలచబడే మాత్ర’ అని మనం అంటాం గానీ, ఈ మందులు రక్తాన్ని నీళ్లలా చేయవు. మన రక్తంలో ప్రతి మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. గాయమైన చోట ఒకదానికొకటి అతుక్కుని రక్తం కారకుండా ఆపడం వీటి పని. అదే అతుకుడు స్టెంట్ లోపల జరిగితే రక్తనాళం మూసుకుపోతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ మాత్రలు ఈ అతుక్కునే గుణాన్ని తగ్గిస్తాయి. మామూలుగా సంఖ్యను తగ్గించవు. అందుకే ఈ మందులు వాడేవారికి చిన్న దెబ్బకే చర్మం కమిలినా, లెక్క చూస్తే ప్లేట్‌లెట్లు సరిగ్గానే ఉంటాయి.

మరి సంఖ్య తగ్గడం అసలు ఉండదా? ఉంటుంది, కానీ అరుదు. క్లోపిడోగ్రెల్‌కు ముందు టిక్లోపిడిన్ అనే మందు వాడేవాళ్లం. దాన్ని వాడినవారిలో సుమారు నూటికి ఒకరికి తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయేవి. అందుకే మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేయించాల్సి వచ్చేది. ఆ బెడద చాలా తక్కువ కాబట్టే క్లోపిడోగ్రెల్ దాని స్థానంలోకి వచ్చింది. అయితే 2000లో క్లోపిడోగ్రెల్ వాడిన 11 మందిలో టీటీపీ అనే జబ్బు వచ్చినట్టు అమెరికా వైద్యులు ప్రకటించారు. ఇందులో సన్నని రక్తనాళాల్లో గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి, ఎర్రకణాలు చితికిపోతాయి. ఎక్కువమందికి మందు మొదలుపెట్టిన రెండు వారాల్లోపే వచ్చింది. చాలా చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. వెంటనే గుర్తిస్తే ప్లాస్మా మార్పిడితో కాపాడొచ్చు.

వీటన్నిటికన్నా మేం ఎక్కువగా చూసేది వేరే సమస్య. కడుపులో మెల్లగా రక్తం కారి హిమోగ్లోబిన్ తగ్గిపోవడం. పొలం పనితో నడుం నొప్పి పుడితే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ అడిగి వేసుకుంటారు. ఇప్పటికే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారికి ఇది కడుపులో పుండ్లు, రక్తస్రావం తెచ్చిపెడుతుంది. పసుపు గురించి కూడా అడుగుతుంటారు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. పసుపు సారంతో చేసిన క్యాప్సూళ్లు ఎక్కువ మోతాదులో వాడుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

ఏ లక్షణాలు కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి రావాలి? మలం తారులా నల్లగా రావడం. దెబ్బ తగలకుండానే ఒంటి మీద ఎర్రటి చుక్కలు, పెద్ద మచ్చలు. చిగుళ్లు, ముక్కు నుంచి ఆగని రక్తం. కొత్తగా మందు మొదలుపెట్టాక జ్వరం, గొంతు నొప్పి, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, తికమకగా మాట్లాడటం. డెంగీ రోజుల్లో ఈ మందులు వాడేవారికి జ్వరం వస్తే, వచ్చిన మొదటి రోజే చూపించుకోవాలి. ఏ గోలీ ఆపాలో, ఏది కొనసాగించాలో స్టెంట్ వేసి ఎంతకాలమైందో, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చూసి డాక్టరే నిర్ణయించాలి.

సీబీపీ అనే చిన్న రక్తపరీక్షతో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తెలుస్తాయి. ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి చేయించుకుని ఆ కాగితం దాచుకోండి. రేపు ఏదైనా మార్పు వస్తే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

తప్పు రోగులదే అనడం న్యాయం కాదు. చీటీ మీద మాత్ర రాసే మేం, అది ఎందుకు వేసుకోవాలో, ఎన్ని నెలలు వేసుకోవాలో, ఏం కనిపిస్తే రావాలో చెప్పడానికి రెండు నిమిషాలు కేటాయించడం లేదు. మేం చెప్పని ఆ మాటల్ని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ఇంకో లోపం కూడా ఉంది. మందుల వల్ల కలిగే చెడు ప్రభావాలను నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ స్థాయిలో ఒక కార్యక్రమం నడుస్తోంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, రోగులూ చెప్పొచ్చు. మనం చెబితేనే అరుదైన ప్రమాదాలు లెక్కకొస్తాయి.

ఇంట్లో ఎవరైనా స్టెంట్ తర్వాత ఈ మందులు వాడుతుంటే ఇవాళే వారి గోలీల డబ్బా ఒకసారి చూడండి. ఏవైనా మానేశారేమో అడగండి. మానేసి ఉంటే తిట్టకండి, రేపు పొద్దున ఆస్పత్రికి తీసుకురండి. ఛాతీలో నొప్పి కూడా ఉంటే మాత్రం పొద్దున దాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.