స్టెంట్ వేశారు సరే.. మనసు సంగతి ఎవరు అడగాలి?

ఇంటిపెద్దకు గుండెపోటు వచ్చింది. వేళకు దవాఖానాకు చేర్చారు. స్టెంట్ వేశారు, నాలుగు రోజుల్లో ఇంటికి పంపారు. చుట్టాలంతా వచ్చి చూసిపోయారు. ఇక గండం గడిచినట్టే అనుకున్నారు. కానీ నెల దాటినా ఆయన గదిలోంచి బయటికి రారు. దుకాణం వైపు వెళ్లరు. రాత్రి నిద్ర లేదు, పగలు మాట లేదు. "అబ్బా, రెండు ముద్దలు తినండి" అని కూతురు బతిమాలితే "వద్దు బేటా" అని గోడవైపు తిరిగి పడుకుంటారు. డబ్బాలో పొద్దుటి మాత్రలు సాయంత్రానికీ అలాగే ఉంటాయి.

ఇలాంటి ఇళ్లు మనకు కొత్త కాదు. ఆ మౌనాన్ని కొందరు నీరసం అంటారు, కొందరు భయం అంటారు, ఇంకొందరు నజర్ తగిలిందంటారు. డాక్టర్లు చెప్పే పేరు వేరు. అది డిప్రెషన్, అంటే మానసిక కుంగుబాటు కావచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు దీని బారిన పడతారని పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. దీన్ని పట్టించుకోకపోతే గుండెకు చేసిన వైద్యం కూడా సగంలోనే ఆగిపోతుంది.

చర్చ ఒక చోటే ఆగింది

కరోనా తర్వాత గుండెపోట్ల గురించి మాట్లాడని ఇల్లు లేదు. పెళ్లిలో నాట్యం చేస్తూ ఒకరు, జిమ్‌లో ఒకరు కుప్పకూలిన వీడియోలు ఫోన్లలో తిరిగాయి. చాలామంది నింద వ్యాక్సిన్ మీద వేశారు. ఐసీఎంఆర్ 19 రాష్ట్రాల్లోని 47 ఆస్పత్రుల ద్వారా 18 నుంచి 45 ఏళ్ల వారి ఆకస్మిక మరణాలను పరిశీలించింది. వ్యాక్సిన్ వల్ల ముప్పు పెరగలేదని 2023లో తేల్చింది. కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఇలాంటి మరణాల చరిత్ర, అతిగా మద్యం తాగడం, తీవ్ర శ్రమ వంటివి ముప్పును పెంచాయని చెప్పింది.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు గురించి ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలుసు. మనసు మాత్రం ఈ చర్చలోకి రావడం లేదు. నిజానికి 20 ఏళ్ల కిందటే ఆ లెక్క తేలింది. కెనడాలో పనిచేసే భారత సంతతి వైద్యుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం జరిగింది. 2004లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుండెపోటుకు దారితీసే 9 ప్రధాన కారణాల్లో ఒత్తిడి, కుంగుబాటు వంటి మానసిక అంశాలకూ చోటు దక్కింది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాలవాళ్లకంటే అది దాదాపు ఆరేళ్లు ముందని అదే అధ్యయనం బయటపెట్టింది. అంటే పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా మిగిలి ఉన్న వయసులోనే.

మనసు బాధ గుండె దాకా ఎలా వెళ్తుంది?

"దిల్ ఘబ్రా రహా" అని ఉర్దూలో, "గుండె బరువుగా ఉంది" అని తెలుగులో అంటాం. రెండు భాషలూ మనసు బాధను గుండె దగ్గరే పెట్టాయి. వెయ్యేళ్ల కిందటి హకీం ఇబ్న్ సీనా, ప్రేమ బాధతో కుంగిపోయిన మనిషి నాడి ఎలా మారుతుందో తన 'అల్ ఖానూన్' గ్రంథంలో రాశాడు. నేటి వైద్యం దాని వెనకున్న దారులను వివరిస్తోంది.

కుంగుబాటు నెలల తరబడి సాగితే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఊరుతుంటాయి. బీపీ, షుగర్ అదుపు తప్పుతాయి, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. రక్తనాళాల గోడల్లో వాపు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు తేలిగ్గా అతుక్కుంటాయి. గుండె తన వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే శక్తి తగ్గుతుంది.

ఇంకో దారి మన కళ్లముందే ఉంటుంది. మనసు బాగోలేని మనిషి నడకకు వెళ్లడు. సిగరెట్, జర్దా మానలేడు. నిద్రపోడు. అన్నిటికంటే ప్రమాదం, మందులు వేసుకోడు. డిప్రెషన్ ఉన్న రోగులు డాక్టర్ సలహా పాటించకపోయే అవకాశం దాదాపు 3 రెట్లు ఎక్కువని 2000 సంవత్సరంలో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. స్టెంట్ వేసిన కొత్తలో రక్తం పలచబరిచే మాత్రలు మానేస్తే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. "ఏం తింటే ఏంలే" అని పక్కన పెట్టిన ఒక్క మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది.

కెనడాలోని మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని వైద్యులు గమనించారు. 1993లో ఆ వివరాలు వచ్చాయి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆరు నెలల్లోపు చనిపోయే ముప్పు దాదాపు 4 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇలాంటి ఆధారాలన్నీ చూశాక 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణులు, గుండెపోటు రోగులకు డిప్రెషన్‌ను కూడా ముప్పు కారకంగా లెక్కించాలని సిఫార్సు చేశారు.

మందు వాడితే గుండెకు మేలేనా?

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. డిప్రెషన్‌కు వైద్యం చేస్తే గుండె మరణాలు తప్పకుండా తగ్గుతాయని ఇంకా రుజువు కాలేదు. అమెరికాలో దాదాపు 2,500 మందిపై జరిగిన పరీక్షలో (2003) మనసు కొంత తేలికపడింది కానీ మరణాల్లో తేడా రాలేదు. దక్షిణ కొరియాలో 300 మందిపై జరిగిన పరీక్ష (2018) వేరే మాట చెప్పింది. అక్కడ 24 వారాలు డిప్రెషన్ మందు వాడిన వారిలో తర్వాతి ఎనిమిదేళ్లలో మళ్లీ గుండెపోటు, మరణం వంటివి 41 శాతం మందికి ఎదురైతే, ఉత్తుత్తి మాత్ర వాడిన వారిలో 54 శాతం మందికి ఎదురయ్యాయి.

లెక్క తేలేదాకా ఆగాలా? అవసరం లేదు. నిద్ర పట్టడం, ఆకలి వేయడం, మనవడితో నవ్వగలగడం, మాత్ర వేళకు వేసుకోవడం తమంతట తామే పెద్ద లాభాలు. సెర్ట్రలిన్ వంటి మందులు గుండె రోగులకు సురక్షితమేనని పరీక్షల్లో తేలింది. కొన్ని పాతకాలం మందులు మాత్రం గుండెపోటు తర్వాత మంచివి కావు. కొన్ని కొత్త మందులు రక్తం పలచబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకే పక్కింటివాళ్ల చీటీ చూసి మెడికల్ షాపులో కొనకూడదు. గుండె మందుల చీటీని మనోవైద్యుడికి, ఆయన రాసిన చీటీని గుండె డాక్టర్‌కు చూపించాలి.

ప్రశ్న కాగితం మీద ఉంది, అడిగేవాళ్లు కావాలి

దేశంలో మానసిక సమస్యలున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని నిమ్హాన్స్ 2015-16 సర్వే చెప్పింది. కారణం డాక్టర్ల కొరత ఒక్కటే కాదు. "పిచ్చోళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లారంటే అమ్మాయి సంబంధం ఏమవుతుంది?" అన్న భయం ఇంకా ఉంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తన దిగులు ఇక్కడి తండ్రికి చెప్పడు, తండ్రి తన దిగులు కొడుక్కి చెప్పడు. ఇద్దరూ ఫోన్లో "సబ్ ఖైరియత్" అనే అంటారు.

అడగడానికి కావలసింది రెండు ప్రశ్నలే. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య పత్రంలో ఈ రెండూ ఇప్పటికే ఉన్నాయి. మార్కులు 3 దాటితే డాక్టర్ దగ్గరికి పంపాలని కూడా రాసి ఉంది. అవే ప్రశ్నలు గుండె ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితంలోనూ, నెల తర్వాత చూపించుకునే రోజునా ఉంటే అదనపు ఖర్చేమీ లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. లక్షలు పెట్టి స్టెంట్ వేయించే వ్యవస్థ, ఆ స్టెంట్ నిలబడటానికి కావలసిన మాట అడగకపోవడమే లోటు.

ఇంట్లో ఏం చేయాలి?

దిగులు, నిద్రలేమి, చిరాకు రెండు వారాలు దాటితే ఆగొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తోందని మనిషి అంటే మందలించకూడదు, ఒంటరిగా వదలకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. రంజాన్‌లో మాత్రల వేళలు సొంతంగా మార్చొద్దు, నెల ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇంకో జాగ్రత్త. అన్నిటినీ "టెన్షన్" కింద కొట్టేయకూడదు. ముఖ్యంగా ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి ఆయాసం, వాంతి, దవడ లేదా వీపు నొప్పి, అంతులేని నీరసంగా వస్తుంది. "అమ్మీకి ఎప్పుడూ ఉండేదే" అనుకుని పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. ఈసీజీ ఒక్కటే బాగుంటే గుండెపోటు కాదని అనుకోకూడదు, రక్తపరీక్షలు కూడా చూసి డాక్టర్ కాదని చెప్పాకే ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఆమెను కూర్చోబెట్టి "అసలు ఎలా ఉంటోంది అమ్మీ?" అని అడగాల్సింది అప్పుడే.